గ్రంథాలయ కొలువుల్లో మన పిల్లలెక్కడ?

ఏటా మే, జూన్ మాసాల్లో మన పట్టణాల్లో 'కెరీర్ గైడెన్స్' సభలు జరుగుతుంటాయి. మస్జిద్ కమిటీలు, విద్యార్థి సంఘాలు కలిసి వాటిని ఏర్పాటు చేస్తాయి. ఉద్దేశం మంచిదే. వేదిక మీద నుంచి వినిపించే జాబితా మాత్రం ఎన్నేళ్లయినా మారదు. వైద్యం, ఇంజనీరింగు, ఫార్మసీ, డీఎస్సీ, కానిస్టేబులు; అవేవీ కుదరకపోతే గల్ఫ్. బీఏ, బీకాం చదివిన పిల్లవాడో పిల్లో లేచి "మాకేమైనా చెప్పండి" అని అడిగితే "గ్రూప్స్ రాయండి" అన్న ఒక్క మాటతో కూర్చోబెడతారు. గ్రంథాలయ, సమాచార శాస్త్రం అన్న పేరు పలికిన వక్తను ఆ సభల్లో నేను ఇంతవరకు చూడలేదు. చదువు ఘనతను గురించిన ఉపన్యాసం మొదలైతే మాత్రం బాగ్దాదు 'బైతుల్ హిక్మా' ప్రస్తావన వస్తుంది, కార్డోబా గ్రంథాలయాల ప్రస్తావన వస్తుంది, చప్పట్లు మోగుతాయి. వెయ్యేళ్ల నాటి గ్రంథపాలకుల మీద మనకున్న గౌరవం, రేపు గ్రంథపాలకురాలు కాగల మన ఇంటి బిడ్డ మీద లేదు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఒకటే. గ్రంథాలయ ఉద్యోగాలు మనకు ఎవరో దయతో ఇవ్వవలసినవి కావు. వాటి కోసం మనం ఏటా పన్ను కడుతున్నాం. వాటికి కావలసిన భాషా సంపద మన ఇళ్లలో ఉంది. అయినా ఆ చదువు చదివించం, ఆ పోస్టులు ఏమయ్యాయని అడగం. చదివిన వారూ అడిగే వారూ లేని పోస్టును రద్దు చేయడానికి ఏ ప్రభుత్వానికీ పెద్ద కష్టం ఉండదు.

గ్రంథాలయ ఉద్యోగం అనగానే మన ఇళ్లలో కలిగే ఊహ దుమ్ము పట్టిన ఒక బీరువా, దాని పక్కన కునికిపాట్లు పడే ఒక మనిషి. "డిగ్రీ చదివించింది పుస్తకాలు సర్దడానికా?" అంటాడు తండ్రి. "ఫోనులో అన్నీ దొరుకుతుంటే లైబ్రరీకి ఎవరొస్తారు?" అంటాడు అన్న. సంబంధం చూడవచ్చిన వారికి ఆ ఉద్యోగం పేరు చెబితే అర్థం కాదని తల్లి దిగులు. సచార్ కమిటీ 2006 నవంబరులో నివేదిక ఇచ్చిన నాటికి దేశంలోని ముస్లింలలో పట్టభద్రులు, డిప్లొమాదారులు కలిపి నూటికి నలుగురు కూడా లేరు. ఆ తర్వాత మన పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, డిగ్రీ కళాశాలల గడప తొక్కారు. ఇప్పుడు మన ముందున్న ప్రశ్న డిగ్రీ పూర్తయిన మరునాటిది. ఆ పిల్లల ముందున్న దారుల్లో ఒకదాన్ని అపోహతో మూసివేసే అధికారం తండ్రికీ అన్నకూ లేదు.

'సర్దడం' అన్న మాటనే తీసుకుందాం. మన పేర్ల బాధ మనకు తెలిసిందే. పదో తరగతి సర్టిఫికెట్టులో మహమ్మద్, ఆధార్‌లో మొహమ్మద్, రేషన్ కార్డులో యం.డి., పాస్‌పోర్టులో ఇంకొకటి. ఒక్క అక్షరం తేడాకు ఎన్ని కార్యాలయాల చుట్టూ తిరుగుతామో లెక్కలేదు. పుస్తకాల లోకంలోనూ ఇదే చిక్కు. ఒకే రచయిత పేరు ఉర్దూలో ఒక తీరుగా, ఇంగ్లీషులో నాలుగు తీరులుగా, తెలుగులో మరో తీరుగా అచ్చయి ఉంటుంది. పాఠకుడు ఏ రూపంతో వెతికినా ఆ రచయిత పుస్తకాలన్నీ ఒక్కచోట కనిపించేలా చేయడం గ్రంథపాలకుని పని. దానికి నియమాలున్నాయి, ప్రామాణిక నామాల పట్టికలున్నాయి. 'అల్'తో మొదలయ్యే అరబ్బీ గ్రంథాల పేర్లలో ఆ 'అల్'ను పక్కనబెట్టి అసలు మాట కింద అమర్చాలని తెలియని వాడు కేటలాగు రాస్తే వేలాది పుస్తకాలు ఒకే అక్షరం కింద గుట్టగా పడతాయి. వెతికే వాడికి అవి లేనట్టే లెక్క. డ్యూయీ దశాంశ వర్గీకరణలో ఇస్లాంకు 297 అన్న సంఖ్య ఉంది. ఖుర్‌ఆన్‌కు, హదీసుకు, ఫిఖ్‌హ్‌కు దాని లోపల వేర్వేరు స్థానాలున్నాయి. ఏ పుస్తకం ఎక్కడికి చేరాలో నిర్ణయించడానికి ఆ పుస్తకంలో ఏముందో తెలియాలి. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడిగా 1924లో చేరిన ఎస్.ఆర్. రంగనాథన్ అంతకు ముందు గణిత అధ్యాపకుడు. ఆయన 1931లో గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలను, 1933లో కోలన్ వర్గీకరణను ప్రపంచం ముందు ఉంచాడు. ఒక గణితవేత్త జీవితమంతా ధారపోసిన శాస్త్రం మన నోట 'సర్దడం' అయిపోయింది.

ఇక ఫోను సంగతి. ఫోనులో దొరికేది కూడా ఎవరో ఒకరు అమర్చి పెట్టినదే. దేశంలోని విశ్వవిద్యాలయాల పరిశోధన గ్రంథాలు 'శోధ్‌గంగ'లో ఉచితంగా చదువుకోగలుగుతున్నామంటే, ప్రతి గ్రంథానికీ పేరు, విషయం, సంవత్సరం, మార్గదర్శకుని వివరం చేర్చి ఎక్కించిన వారున్నారు. ఆ పనినే ఇప్పుడు సమాచార శాస్త్రం అంటున్నారు. కోహా, సోల్, ఇ-గ్రంథాలయ వంటి సాఫ్ట్‌వేర్లు, డీస్పేస్ వంటి డిజిటల్ భాండాగారాలు నడపడం నేడు ఈ చదువులో భాగం. లైబ్రరీకి ఎవరొస్తారనే వారు ఒక్కసారి హైదరాబాదు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి, పోటీ పరీక్షలకు చదువుకునే వారి మధ్య కూర్చోవడానికి ఒక కుర్చీ సంపాదించి చూపాలి.

సరే, చదివితే ఉద్యోగం వస్తుందా అన్నది న్యాయమైన ప్రశ్న. రాత్రికి రాత్రి రాదు. వచ్చిన సందర్భాలు మాత్రం చెబుతాను. 2022 చివరిలో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఇంటర్మీడియట్, సాంకేతిక విద్యా శాఖల్లో 71 లైబ్రేరియన్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. అదే సంవత్సరం డిసెంబరులో కేంద్రీయ విద్యాలయ సంఘటన్ దేశవ్యాప్తంగా 355 లైబ్రేరియన్ పోస్టులు ప్రకటించింది. అక్కడ మూల వేతనం 44,900 రూపాయలతో మొదలవుతుంది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ గురుకుల విద్యాలయాల నియామక మండలి ప్రకటించిన 9,231 పోస్టుల్లో ఒక్క పాఠశాల లైబ్రేరియన్లవే 434. నాలుగైదు నెలల వ్యవధిలో వచ్చిన ఈ మూడు ప్రకటనల గురించి మన వీధుల్లో ఎవరైనా మాట్లాడుకోగా విన్నారా? మాట్లాడుకున్నా దరఖాస్తు చేయడానికి చేతిలో ఆ పట్టా ఉండాలి కదా. ప్రకటన వచ్చాక కోర్సులో చేరుదామంటే గడువు తేదీ ఆగదు. ఈ రంగంలో ప్రకటనలు ఏళ్ల ఎడంతో వస్తాయి. పట్టా ముందు, ప్రకటన తరువాత. ఈ వరుస తెలిసిన కుటుంబాల పిల్లలే ఆ కుర్చీల్లో కూర్చుంటున్నారు.

చదువు దారి కష్టమైనది కాదు. బీఏ, బీకాం, బీఎస్సీ ఏ డిగ్రీ అయినా సరే. ఆపై ఒక ఏడాది బీఎల్ఐఎస్సీ, మరొక ఏడాది ఎంఎల్ఐఎస్సీ. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో ఈ శాఖలున్నాయి. ఇల్లు కదలలేని వారికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నాయి. పాఠశాల లైబ్రేరియన్‌కు డిగ్రీతో పాటు బీఎల్ఐఎస్సీ చాలు. డిగ్రీ కళాశాల, విశ్వవిద్యాలయ ఉద్యోగాలకు ఎంఎల్ఐఎస్సీలో 55 శాతం మార్కులు, దానిపై నెట్ లేదా సెట్ ఉత్తీర్ణత కావాలని యూజీసీ 2018 నిబంధనలు చెబుతున్నాయి. అక్కడ ప్రారంభ మూల వేతనం సహాయ ఆచార్యునితో సమానం, 57,700 రూపాయలు. పుస్తకాలు సర్దే వాడికి అంత జీతం ఎవరూ ఇవ్వరని గ్రహించగలరు. ఇవి గాక ఎయిమ్స్‌లు, శ్రీహరికోట వంటి ఇస్రో కేంద్రాలు, ఇంజనీరింగు, వైద్య, న్యాయ కళాశాలలు ఉన్నాయి. గుర్తింపు నిలవాలంటే ఆ కళాశాలలు గ్రంథాలయం నడపక తప్పదు. ప్రైవేటు కళాశాలల్లో జీతాలు తక్కువ. కొన్ని చోట్ల తనిఖీ బృందం వచ్చిన రోజు మాత్రమే లైబ్రేరియన్ కనిపిస్తాడు. దాన్ని దాచవలసిన పని లేదు.

మరొక హెచ్చరిక. చేరకుండానే, చదవకుండానే ఎక్కడో దూర రాష్ట్రపు విశ్వవిద్యాలయం పేరుతో పట్టా తెచ్చిపెడతామనే దుకాణాలు ప్రతి ఊళ్లో ఉన్నాయి. సర్టిఫికెట్ల పరిశీలన రోజున అవి చిత్తు కాగితాలు. దూరవిద్యలో చేరేముందు ఆ కోర్సుకు ఆ సంవత్సరానికి యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతి ఉందో లేదో చూసుకోవాలి. కష్టపడి ఎంపికై చివరి రోజున వెనక్కి వచ్చిన వారి కన్నీళ్లు తుడవడం మన సంఘాల వల్ల కాదు.

ఇప్పుడు ప్రభుత్వాల వైపు చూద్దాం. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది. దాని కింద స్థానిక సంస్థలు ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేస్తున్నాయి. తెలంగాణ కూడా ఆ చట్టాన్నే తనదిగా చేసుకుంది. రెండు వేల రూపాయల పన్ను కట్టే ఇల్లు ఏటా 160 రూపాయలు గ్రంథాలయానికి ఇస్తున్నదన్న మాట. పాతబస్తీలో పూరి గుడిసె నుంచి మిద్దె దాకా, కర్నూలు, కడప, నిజామాబాదు ముస్లిం వాడల్లో ప్రతి ఇంటి వారూ ఇస్తున్నారు. ఈ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. చాలాచోట్ల మునిసిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసుకుని తమ ఖర్చులకు వాడుకుంటాయి. బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోతాయి. సంస్థలేమో నిధులు లేవంటూ పదవీ విరమణ చేసిన వారి స్థానాలను నింపవు. ఒకే గ్రంథపాలకునికి రెండు మూడు శాఖల అదనపు బాధ్యత, మిగిలిన రోజుల్లో తలుపుకు తాళం. లేదా గౌరవ వేతనం మీద ఒక మనిషి, ఔట్‌సోర్సింగు మీద మరొక మనిషి.

ఈ ఔట్‌సోర్సింగు దెబ్బ ఎక్కడ తగులుతుందో కార్యాలయాల్లో పనిచేసిన వారికి బాగా తెలుసు. నా ఉద్యోగకాలంలో అధిక భాగం ఎస్టాబ్లిష్‌మెంటు సీట్లోనే గడిచింది గనుక ఈ ముక్క వివరంగా చెబుతాను. నియామకాలకు 100 పాయింట్ల రోస్టరు ఉంటుంది. 2007 చట్టంతో ముస్లింలలోని 14 వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం వచ్చినప్పుడు ఆ రోస్టరులో నాలుగు పాయింట్లు మనకు కేటాయించారు: 19, 44, 69, 94. అంటే ఒక కేడరులో పద్దెనిమిది నియామకాలు జరిగిన తరువాతనే మన మొదటి మలుపు. పోలీసు శాఖలో వేలల్లో నియామకాలు జరుగుతాయి గనుక రోస్టరు చక్రం పలుమార్లు తిరుగుతుంది. గ్రంథాలయ సంస్థ వంటి చిన్న కేడరులో అయిదారేళ్లకు రెండు పోస్టులు నింపితే 19వ పాయింటు రావడానికి ఒక తరం పడుతుంది. ఆ రెండూ కూడా ఔట్‌సోర్సింగు ద్వారా నింపితే రోస్టరు రిజిస్టరులో గీత కూడా పడదు. పాయింటు ఉన్నచోటే ఉంటుంది, పిల్లల వయోపరిమితి మాత్రం దాటిపోతుంది. "మీకు నాలుగు శాతం ఇచ్చాం కదా" అని సభల్లో గుర్తు చేసే నాయకులెవ్వరూ రోస్టరు ఏ పాయింటు దగ్గర ఆగిందో చెప్పరు. మన నాయకులూ అడగరు. వారు అడిగేది కార్పొరేషను చైర్మన్ పదవి.

మరి రెండు మాటలు ఇక్కడే చెప్పాలి. దూదేకుల, నూర్‌బాషా సోదరులు బీసీ-బి లోను, మెహతర్లు బీసీ-ఏ లోను ఉన్నారు. వారి పాయింట్లు వేరు, తరచుగానే వస్తాయి. సయ్యద్, పఠాన్, మొగల్ వంటి వారికి బీసీ-ఇ వర్తించదు. ఆర్థికంగా వెనుకబడిన వారు ఈడబ్ల్యూఎస్ పత్రం తీసుకోవచ్చు. కేంద్ర ఉద్యోగాల ఓబీసీ జాబితా, రాష్ట్ర బీసీ జాబితా ఒకటి కావు. కేంద్రీయ విద్యాలయానికి దరఖాస్తు చేసే బిడ్డ రాష్ట్రపు బీసీ-ఇ పత్రాన్ని చూసి ఓబీసీ గడిలో టిక్కు పెడితే దరఖాస్తే తిరస్కారానికి గురికావచ్చు. కేంద్ర జాబితాలో తమ వర్గం లేని వారు ఈడబ్ల్యూఎస్ అర్హత చూసుకోవాలి. బీసీ-ఇ రిజర్వేషను మీద వ్యాజ్యం ఇంకా సుప్రీంకోర్టులోనే ఉంది. 2010 నాటి మధ్యంతర ఉత్తర్వు నీడలో అది అమలవుతోంది. చేతిలో ఉన్న హక్కును వాడుకోని వారి తరఫున రేపు న్యాయస్థానంలో ఏమని వాదించాలి?

ఇంతవరకు చెప్పింది అందరితో కలిసి పోటీ పడే ఉద్యోగాల గురించి. మన పిల్లలకు పుట్టుకతో వచ్చిన అనుకూలత ఒకటుంది. దాన్ని మనమే తొక్కేసుకుంటున్నాం.

హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా గ్రంథాలయంగా పుట్టింది. దాని వెనుక ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ కృషి ఉంది. నేటి భవనంలోకి 1936లో వచ్చింది. ఆ గ్రంథాలయపు రాతప్రతులు ఇప్పుడు ఉస్మానియా ప్రాంగణంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో అరబ్బీ, ఫారసీ, ఉర్దూ రాతప్రతుల భాండాగారం ఉంది. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో షాజహాను, ఔరంగజేబుల కాలపు దక్కను కాగితాలు మొదలుకొని నిజాము పాలన దాకా ఫారసీ, ఉర్దూ దస్తావేజులు కట్టలు కట్టలుగా ఉన్నాయి. భూముల తగాదాలు, వక్ఫ్ ఆస్తుల వివాదాలు ఇలాంటి పాత కాగితాల మీదనే తేలతాయి. అటు పాట్నాలో ఖుదాబక్ష్ గ్రంథాలయం, రాంపూరులో రజా గ్రంథాలయం పార్లమెంటు చట్టాలతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థలుగా నడుస్తున్నాయి. 2025 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించిన 'జ్ఞాన భారతం' పథకం కోటికి పైగా రాతప్రతులను సర్వే చేసి, నమోదు చేసి, భద్రపరుస్తామంటున్నది.

ఆ కోటిలో ఫారసీ, అరబ్బీ, ఉర్దూ ప్రతులు ఎవరు చదువుతారు? మదర్సాలో ఎనిమిదేళ్లు చదివిన ఆలిమ్ చదవగలడు. ఆయనకు కేటలాగు రాయడం రాదు, కంప్యూటరులో నమోదు చేయడం రాదు, ఆ ఉద్యోగానికి కావలసిన డిగ్రీ లేదు. ఎంఎల్ఐఎస్సీ చదివిన పట్టభద్రునికి అవన్నీ వచ్చు, ఆ లిపి మాత్రం రాదు. ఈ రెండు విద్యలు ఒకే బిడ్డలో కలిస్తే ఆ బిడ్డకు పోటీ ఎవరు? మదర్సా పిల్లలు డిగ్రీలో చేరడానికి వీలుగా మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం బ్రిడ్జి కోర్సులు నడుపుతోంది. ఆ మెట్టెక్కి డిగ్రీ చేసి, ఆపై గ్రంథాలయ శాస్త్రం చదివితే దారి తెరుచుకుంటుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ ఉర్దూ చదవడం రానివ్వని తల్లిదండ్రులు ఈ మాట రెండుసార్లు చదువుకోవాలి. తెలుగు, ఇంగ్లీషు చదువుతో పాటు రోజుకు అరగంట ఉర్దూ నేర్పితే అది సంస్కృతి రక్షణ మాత్రమే కాదు, ఉద్యోగ అర్హత కూడా.

మన సంపద విలువ మనకన్నా ముందు ఇతరులకు తెలుస్తుందనడానికి ఒక నిదర్శనం. అబ్దుస్ సమద్ ఖాన్ అనే ఒక వ్యక్తి హైదరాబాదులో జీవితమంతా వెచ్చించి ఉర్దూ పుస్తకాలు, పాత పత్రికలు వేల సంఖ్యలో సేకరించాడు. ఆ సేకరణను కాపాడేందుకు ముందుకు వచ్చింది చికాగో విశ్వవిద్యాలయం తదితర అమెరికా విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలు. నేడది సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉంది. సముద్రాల అవతలి గ్రంథపాలకులకు ఆ పాత పత్రికల అవసరం తెలిసింది. మన షాదీఖానా కమిటీలకు తెలియలేదు.

షాదీఖానా మాట వచ్చింది గనుక అదీ చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం నిధులిచ్చి కట్టిన ఆ భవనాల అసలు పేరు 'ఉర్దూ ఘర్ కమ్ షాదీఖానా'. పేరులో ఉర్దూ ఘర్ ముందుంది, షాదీఖానా తరువాత ఉంది. భవనంలో ఉర్దూ ఘర్ ఎక్కడుందో చూపండి. వంటశాల ఉంది, డేగిశాలు పెట్టుకునే గది ఉంది, పెళ్లికొడుకు కూర్చునే వేదిక ఉంది. ఒక్క గదిలో వెయ్యి పుస్తకాలు, నాలుగు బల్లలు, ఒక శిక్షణ పొందిన గ్రంథపాలకురాలు ఉండకూడదా? అద్దె ఆదాయంలో నుంచి ఆమెకు జీతం ఇవ్వలేమా? ఉర్దూ అకాడమీల కింద నడిచిన కంప్యూటరు కేంద్రాలు, గ్రంథాలయాల సిబ్బంది ఏళ్ల తరబడి తాత్కాలిక వేతనం మీద పడిగాపులు పడ్డారు. వారి కోసం వీధిలోకి వచ్చిన పెద్దలు ఎందరు? మైనారిటీ సంక్షేమం పేరిట ప్రభుత్వాలు ఆడపిల్లలకు కుట్టు మిషన్లు పంచుతాయి. కుట్టుపని మీద నాకు చిన్నచూపు లేదు. అది ఎన్నో ఇళ్లను నిలబెట్టింది. బీకాం చదివిన అమ్మాయికి కూడా కుట్టు మిషనే ఇచ్చి ఫోటో తీయించుకోవడం మాత్రం అవమానం. ఆ మిషను ఖరీదుకు బీఎల్ఐఎస్సీ ఫీజు కట్టవచ్చు.

ఆడపిల్లల విషయంలో ఒక మాట సరిచేయాలి. "లైబ్రరీ ఉద్యోగమైతే ఒక మూల కూర్చుని పని చేసుకోవచ్చు, పంపిద్దాం" అనే తండ్రులు ఈమధ్య కొందరు కనిపిస్తున్నారు. పంపడం సంతోషమే, చెప్పిన కారణం సరికాదు. రోజుకు వందల మందితో మాట్లాడవలసిన ఉద్యోగమది. మాట్లాడగలిగిన పిల్లనే పంపండి, మాట్లాడటం నేర్పి పంపండి.

గల్ఫ్ గురించి కూడా నాలుగు మాటలు. దోహాలో ఖతర్ జాతీయ గ్రంథాలయం ఉంది, దుబాయిలో 2022లో తెరిచిన మొహమ్మద్ బిన్ రాషిద్ గ్రంథాలయం ఉంది, రియాద్‌లో కింగ్ ఫహద్ జాతీయ గ్రంథాలయం ఉంది. మన జిల్లాల నుంచి వెళ్లిన వారు అలాంటి భవనాలకు ఇటుకలు మోశారు, గచ్చులు తుడుస్తున్నారు, కార్లు నడుపుతున్నారు. లోపలి బల్ల దగ్గర కూర్చోవాలంటే మాస్టర్స్ పట్టా, మంచి ఇంగ్లీషు, కొంత అనుభవం కావాలి. అరబ్బీ వస్తే మరీ మంచిది. అందరికీ దొరికేది కాదు. అయినా ఏజెంటుకు లక్షలు పోసే ముందు రెండేళ్లు చదివించిన తండ్రి నష్టపోడు.

తెలుగు నేలకు గ్రంథాలయాలు పరాయివి కావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలసింది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య వంటి వారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. కాలువల మీద పడవల్లో పుస్తకాలు పంపిన ఉద్యమం ఇది. ఆ ఉద్యమం వల్లనే చట్టం వచ్చింది, చట్టం వల్ల పన్ను వచ్చింది, పన్ను వల్ల పోస్టులు వచ్చాయి. ఆ పోస్టులను నేడు నిశ్శబ్దంగా చంపుతుంటే నష్టం అందరి పిల్లలదీ. కాబట్టి ఇది మనం ఒంటరిగా చేసే పోరాటం కాకూడదు. గ్రంథాలయ శాస్త్రం చదివి నిరుద్యోగులుగా ఉన్న దళిత, వెనుకబడిన వర్గాల యువకులు ప్రతి జిల్లాలో ఉన్నారు. వారితో కలిసి నడిస్తే మన గొంతుకూ బలం వస్తుంది.

పని ఎక్కడ మొదలుపెట్టాలని అడిగే కార్యకర్తలకు నాకు తెలిసిన కార్యాలయపు దారి చెబుతాను. సమాచార హక్కు చట్టం, 2005 కింద జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి ఒక దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రాల్లో జిల్లా స్థాయి కార్యాలయానికి రుసుము పది రూపాయలు, మండల స్థాయికి అయిదు, గ్రామ స్థాయికి ఏమీ లేదు. ప్రశ్నలు పొడవుగా రాయవద్దు, "ఎందుకు" అని అడగవద్దు. కారణాలు చెప్పడం మా పని కాదని తప్పించుకుంటారు. రికార్డులో ఉన్నదే అడగండి. సంస్థలో ప్రతి కేడరుకు మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్న వారెందరు, ఖాళీ ఏ తేదీ నుంచి ఉంది? ఔట్‌సోర్సింగు, గౌరవ వేతనం మీద ఎందరున్నారు? ప్రతి కేడరులో రోస్టరు ఏ పాయింటు వద్ద ఆగింది, ఆ రిజిస్టరు పుటల నకలు ఇవ్వండి. గడచిన అయిదు సంవత్సరాల్లో ఏ మునిసిపాలిటీ నుంచి, ఏ పంచాయతీ నుంచి గ్రంథాలయ పన్ను ఎంత రావలసి ఉంది, ఎంత వచ్చింది? ఉర్దూ పుస్తకాలున్న శాఖలేవి, అక్కడ ఉర్దూ చదవగల సిబ్బంది ఎందరు? ఇదే దరఖాస్తు మీ మునిసిపల్ కమిషనరుకు కూడా పెట్టి, వసూలైన పన్ను మొత్తం అడగండి. రెండు జవాబుల్లోని అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే మిగతా కథ అదే చెబుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషనుకు రెండవ అప్పీలు. దరఖాస్తు నకలు, రసీదు భద్రంగా ఉంచుకోండి. వచ్చిన జవాబులను ఈ పత్రికకు పంపితే జిల్లాల వారీగా అచ్చు వేయమని సంపాదకులను నేనే కోరతాను.